నిలువనీడ లేనివారి సేవకు దయ యొక్కటి చాలునా?

ఆకలిగొన్నవానికి పట్టెడన్నము పెట్టుటకు చదువేల, మనసుండిన చాలునని మన పెద్దలు చెప్పుచుండెడివారు. మేమును చిరకాలము అట్లే తలచితిమి. ముప్పదియేండ్లు గుమాస్తాగిరి చేసి విశ్రాంతి గైకొన్న మాకు, అనాథసేవకు సయితము శిక్షణ కలదని వినినప్పుడు నవ్వు వచ్చినది. ఆ నవ్వును మాన్పించిన సంగతి యొకటి విన్నవించెదము.

2022 ఏప్రిల్ నెలలో ప్రాణహిత పుష్కరములు జరిగినవి. సిరొంచకు జనము తండోపతండములుగా వచ్చి పోయిరి. అంతయు ముగిసిన పిమ్మట ఒకనాటి సాయంకాలము బస్సుస్టాండులో ఒక వృద్ధురాలు మూట ఒడిలో నుంచుకొని ఒంటరిగా కూర్చుండెను. మేము ఇంటినుండి అన్నము, పప్పు తెచ్చి పెట్టితిమి. అంతవరకు బాగుగనే యున్నది. పిమ్మట ప్రశ్నలు మొదలిడితిమి. ఏ యూరు? కొడుకులు లేరా? వదలిపెట్టి పోయిరా? ఆధార్ కార్డు ఏది? చుట్టును పదిమంది మూగిరి. ఒకరు ఫొటో తీసిరి. ఆమె తల వంచుకొనెనే గాని ఒక్కమాటయు పలుకలేదు. తెల్లవారి మేము చాయ తీసికొని పోవునప్పటికి అచ్చట లేదు. ఏమైనదో నేటికిని మాకు తెలియదు. ఆమెను అచ్చటినుండి లేపినది ఆకలి కాదు, మా దయయే యని తోచి నాటినుండి మనసు కలుక్కుమనుచునే యున్నది.

తరువాత ఈ పనిలో శిక్షణ పొందిన బంధువుల పిల్ల యొకతె మా కథ విని, "తాతయ్యా, మీరు అన్నము పెట్టి మర్యాద తీసికొన్నారు" అన్నది. వారికి నేర్పునది ఏమని అడిగితిమి. నిలుచుండి కాక ఎదుట కూర్చుండి మాటాడవలెను. ఒకనాడు ఒక్క ప్రశ్న చాలును. అనుమతి లేనిదే పేరైనను వ్రాయరాదు. విన్నది పదిమందిలో చెప్పరాదు. చేయలేని దానికి మాట ఈయరాదు. వైద్యునికడకా, రేషను కచేరికా, ఇంటికా అను నిర్ణయము ఆ మనిషిదే కావలెను. ఇంటినుండి పారిపోయి వచ్చినవారిని అడుగక ఇంటికి చేర్చుట ఒక్కొక్కప్పుడు కీడు.

ఈ విద్య క్రొత్తది కాదు. 1936లో బొంబాయిలో టాటావారి ధర్మనిధితో సమాజసేవా విద్యాలయము వెలసినది. 2010లో సుప్రీంకోర్టు నగరములలో ప్రతి లక్ష జనాభాకు ఒక ఆశ్రయమైన నుండవలెనని ఆదేశించినది. 2013లో మొదలిడిన జాతీయ పథకము ఇందుకై నియమములు ఏర్పరచినది. గోడలు, కప్పు ధనముతో లేచును. వాని లోపల నుండు మనిషి ఎట్టివాడు? కసరుకొను కాపలాదారున్న ఆశ్రయముకంటె చెట్టునీడ మేలని ఎందరో వీధికే మరలుదురు.

శిక్షణ పెద్ద చదువులవారికే యనుకొనరాదు. మన గడ్చిరోలి జిల్లాలోనే అభయ్ బంగ్, రాణీ బంగ్ వైద్యదంపతులు స్థాపించిన 'సెర్చ్' సంస్థ, కొద్దిపాటి చదువు గల పల్లె స్త్రీలకు శిశువును తూచుట, ఊపిరి లెక్కించుట, రోగలక్షణము గుర్తించుట నేర్పినది. 39 గ్రామములలో నవజాతశిశు మరణములు సగమునకు పైగా తగ్గినవని 1999లో లాన్సెట్ పత్రికలో ప్రకటితమైనది. ఆ తల్లులకు శిశువులపై ప్రేమ మునుపు లేకపోలేదు. చేతికి నేర్పు చేరినది.

అయినను ఒక సందేహము కలదు. శిక్షణ సేవను ఉద్యోగముగా, మనిషిని దస్త్రముగా మార్చదా? దస్త్రములతో బ్రతికిన మేము ఈ భయమును కొట్టివేయజాలము. కాగితము సరిగా నున్నదని మనిషిని మరచిన దినములు మాకును కలవు. కాని దస్త్రమునకు వేరొక ఉపయోగము కలదు. దుఃఖితుడు తన గోడును పది కిటికీలకడ పదిమారులు చెప్పుకొనకుండ అది కాపాడును. దోషము కాగితముది కాదు, కాగితమును చూచి ముఖమును చూడని కన్నుది.

ఆలోచించిన, మన అతిథిమర్యాదయు శిక్షణయే. గడపలోనికి వచ్చినవానికి ముందు కాళ్ళకు నీళ్ళిచ్చి, దాహమిచ్చి, పిదపనే కుశలమడుగవలెనని చిన్ననాట మనకు నేర్పిరి. ఇంటికి వచ్చినవానికి చేసిన ఆ మర్యాదను ఇల్లే లేనివానికి చేయుట మరచితిమి.

మన సరిహద్దు తెలుగువారికి ఇందొక ప్రత్యేక బాధ్యత కలదు. ఇంట తెలుగు, కచేరిలో మరాఠీ, సంతలో గోండి మాటలు వినుచు పెరిగినవారము. దారితప్పినవానికి తన భాషలో వినబడు పలకరింపు సగము ఇల్లు వంటిది. మన యువతీయువకులు పదిమందియైనను ఈ శిక్షణ పొందుదురేని, మన సంఘము వారికి దారిబత్తెమిచ్చి పంపుట శ్లాఘనీయము.

దయ లేని శిక్షణ యంత్రము. శిక్షణ లేని దయ ఏమి చేయునో మేము బస్సుస్టాండులో చూచితిమి. ఆ వృద్ధురాలు మరల కనబడునేని, ఈమారు ప్రక్కన ఊరక కూర్చుందుము.