కనుమ దాటకముందు

ధ్యానభాగము: అపొస్తలుల కార్యములు 27:9–20

ప్రియులారా, వానలు వెనుదీసి శరదృతువు రాగా హిమాలయపర్వతములు మిగుల తేటగా కనబడును. నేపాళములో కాలినడకను కొండలెక్కువారు ఈ కాలమునే కోరుకొందురు. అయితే ఋతువు ముదిరినకొలది పగలు కురచయగును. నీడపట్టున చెమ్మ గడ్డకట్టి బాట జారును. ఒక్కసారి మంచు దట్టముగా కురిసెనా, త్రోవయే కనబడదు.

అక్కడ అన్నపూర్ణ పర్వతములను చుట్టివచ్చు బాటలో థొరోంగ్ లా అను కనుమ కలదు. దాని యెత్తు 5,416 మీటర్లు. తెల్లవారకమునుపే బయలుదేరి, కనుమనెక్కి, ఆవల సుమారు 1,600 మీటర్లు దిగి ముక్తినాథ్ చేరుట ఒక్కనాటి ప్రయాణము.

2014 అక్టోబరు 12వ తేదిన హుద్‌హుద్ తుపాను మన విశాఖపట్టణమును తాకిన సంగతి మనము మరువలేదు. అది అంతటితో తీరిపోలేదు. బలము తగ్గినను, తేమను మోసికొని ఉత్తరమునకు సాగి, 14వ తేదిన ఆ కొండలపై మంచుతుపానై కురిసెను. ఆ ప్రాంతములో 40 మందికి పైగా చనిపోయిరి. పరదేశపు యాత్రికులే గాక, దారిచూపిన నేపాళీయులును, మూటలు మోసినవారును వారిలో నుండిరి. వారిని నిందించుట మనకు తగదు. హెచ్చరిక అందనివారు అనేకులు.

పౌలు ఓడప్రయాణమును ఇటువంటి కాలమందే జరిగెను. యూదుల ఉపవాసదినము గడచి, శరదృతువు నడుచుచున్నది. మంచిరేవులయొద్ద ఓడ క్షేమముగానే యుండెను. ఇక కదలవద్దని పౌలు హెచ్చరించెను. ఆ రేవు చలికాలము గడుపుటకు వసతిగా లేదని ఎక్కువమంది తలంచిరి. దక్షిణమునుండి పిల్లగాలి రాగానే, సమయము దొరికినదని లంగరెత్తిరి. కొంతసేపటికే ఊరకులోను వారిపై పడెను.

ప్రియులారా, పిల్లగాలి దేవుని సెలవు కాదు. వెనుకకు తిరుగుటను మనము అవిశ్వాసమని యెంచుదుము. ఆగుమని చెప్పిన పౌలుకంటె గొప్ప విశ్వాసి ఆ ఓడలో ఎవడుండెను?

మరియొక సంగతి గమనింతము. ప్రయాణమును నిశ్చయించినవారు కొందరు. తుపానులో చిక్కినవారు 276 మంది. కొండబాటలోను అంతే. ముందు నడచువాడు సాగుదమనినయెడల, మూట మోయువాడు కాదనుట కష్టము. మనము కుమార్తె పెండ్లికి అప్పు తెచ్చునప్పుడును, సంఘపు సొమ్ముతో పెద్ద కట్టడము తలపెట్టునప్పుడును, ఆ బరువు ఎవరి వీపున పడునో చూచుచున్నామా? వారి మాట అడిగితిమా?

దేవుడు ఆ ఓడవారిని విడువలేదు. ప్రాణములన్నియు దక్కెను గాని ఓడ దక్కలేదు. ఆయన కనికరము గొప్పదని చెప్పి ఆయన హెచ్చరికను త్రోసివేయుట మనకు తగునా? ముందుకు సాగుటకే గాక ఆగుటకును ధైర్యము కావలెను. అట్టి ధైర్యమును ప్రభువు మన ఇండ్లకును సంఘమునకును దయచేయును గాక. ఆమేన్.