పలకని గిటార్‌కు పూజ దేనికి?

తాతగారి గిటార్ పాడైతే గోడకు తగిలించి ఉంచడం గౌరవమా, విప్పి మళ్లీ కట్టడం గౌరవమా? 20వ శతాబ్దం మధ్యలో షికాగోలోని హార్మనీ కంపెనీ చౌక గిటార్లను లక్షల్లో తయారుచేసింది. వాటిలో చాలావాటికి పైపలక కింద ఆనుపట్టీలు నిచ్చెన మెట్లలా అడ్డంగా ఉంటాయి. ఉక్కు తీగలన్నీ కలిసి దాదాపు 70 కిలోల బలంతో లాగుతుంటే ఏళ్లు గడిచేకొద్దీ పలక ఉబ్బుతుంది, మెడ ముందుకు వంగుతుంది, తీగలు నొక్కలేనంత ఎత్తుకు లేస్తాయి. మరమ్మతు చేసేవారు మెడ ఊడదీసి కోణం సరిచేస్తారు. కొందరైతే పాత పట్టీలు తీసేసి ఇంటూ గుర్తులా కొత్తవి అతికిస్తారు. అప్పుడు మంద్రస్వరాలు నిండుగా పలుకుతాయి.

ఇన్ని మార్చాక అది ఆ గిటారేనా అన్న ఆక్షేపణ తేలికైనదేమీ కాదు. మిళిందపన్హ అనే బౌద్ధ గ్రంథంలో నాగసేన భిక్షువు అడిగితే, రథం ఇరుసులో ఉందనీ చక్రాల్లో ఉందనీ మిళిందరాజు చెప్పలేకపోయాడు. పూరీ జగన్నాథ ఆలయంలో దారుమూర్తులనే మార్చి, లోపలి బ్రహ్మపదార్థాన్ని కొత్త మూర్తుల్లో ఉంచుతారు. 2015లోనూ అలాగే చేశారు. గిటార్‌లో అలాంటి పదార్థమేదీ లేదు కాబట్టి ఈ పోలిక పూర్తిగా అతకదు. దానికి ఆ స్థానంలో ఉన్నది వాయించడమే అంటాను. తాతగారు విన్న నాదం పోతుంది కదా అంటారు. అడ్డపట్టీల వల్ల వచ్చే ఆ పొడి గొంతు బ్లూస్ వాయించేవారికి ప్రియమైనదే, అది కావాలంటే పట్టీలు ముట్టుకోకుండా మెడ ఒక్కటే సరిచేయించవచ్చు. కానీ తీగ నొక్కలేని వాద్యంలో ఆ నాదమూ లేదు. తీసేసిన పట్టీలను పెట్టెలో దాచుకుంటానంటే మాత్రం నాకు అభ్యంతరం లేదు.