పదకొండు నెలల శాశ్వతత్వం

తన చేనునూ తన ఇంటినీ ప్రకృతి ధర్మానికి అనుగుణంగా తీర్చిదిద్దుకున్నంత మాత్రాన మనిషి నీతిమంతుడవుతాడా? ఈ ప్రశ్న నాకు పుస్తకం చదువుతుండగా కలిగింది కాదు. హార్స్లీ కొండల పాదాన మాకున్న రెండెకరాల చేనులో నిలబడి ఉండగా కలిగింది. నేను కళాశాలలో తెలుగు సాహిత్యం బోధించి బతికేవాణ్ణి. వ్యవసాయ శాస్త్రంలో నాకు ఎలాంటి అధికారమూ లేదు. అయితే ఈ ప్రశ్న ఆ శాస్త్రానికి మాత్రమే సంబంధించినది కాదని నా నమ్మకం.

పర్మాకల్చర్ అనే మాట ఇటీవల మన చదువుకున్నవారి నోట తరచుగా వినిపిస్తున్నది. ఆస్ట్రేలియాకు చెందిన బిల్ మాలిసన్, డేవిడ్ హోల్మ్‌గ్రెన్ 1978లో ప్రచురించిన గ్రంథంతో అది లోకానికి పరిచయమైంది. శాశ్వత వ్యవసాయం అనే అర్థమిచ్చే రెండు ఇంగ్లీషు మాటలను అతికించి వారు దాన్ని తయారు చేశారు. అడవి తనను తాను పోషించుకున్నట్లే పొలం కూడా తనను తాను పోషించుకునేలా చెట్టునూ, పైరునూ, పశువునూ, నీటినీ ఒకదానికొకటి ఆసరా అయ్యే చోట అమర్చడం దాని సారాంశం. దానికి నీతిసూత్రాలు మూడు: భూమిని కాపాడు, మనుషులను కాపాడు, నీ అవసరానికి హద్దు పెట్టుకుని మిగులును పంచు. ఏ పనికైనా పూనుకునే ముందు గమనించడం హోల్మ్‌గ్రెన్ చెప్పిన పన్నెండు నియమాల్లో మొదటిది.

ఇది మనకు కేవలం పరాయి విద్య కాదు. వేరుశనగలో సాళ్ళు విడిచి కంది, అనుములు, అలసంద వేసిన మన పెద్దలకు పైర్ల పరస్పర సహాయం తెలుసు. మాలిసన్ 1980లలోనే మన దేశానికి వచ్చి పాఠాలు చెప్పాడు. ఆయన అనుయాయుల అంతర్జాతీయ సమావేశం 2017లో హైదరాబాదులో జరిగింది.

నేనూ కొన్నాళ్ళు ఈ విద్య నేర్చుకున్నాను. వాలుకు అడ్డంగా కందకాలు తవ్వించి వాననీరు చేనులోనే ఇంకేటట్లు చేశాను. నేల ఎండకు మాడకుండా ఆకులూ కసువూ కప్పించాను. ఇంట్లో బియ్యం కడిగిన నీళ్ళు పెరటి మొక్కలకూ, కూరగాయల తొక్కలు ఎరువు గుంటకూ వెళ్ళే ఏర్పాటు చేశాను. ఒక ఏడాది గడిచేసరికి నాకు గొప్ప తృప్తి కలిగింది. ఆ తృప్తినే నేనిప్పుడు శంకిస్తున్నాను.

శంకకు మొదటి కారణం నా భార్య. ఆమె కూడా ఉద్యోగం చేస్తుంది. "గమనించడం మొదటి నియమమంటారు కదా, ఈ తొక్కలు రోజూ ఎవరు వేరు చేస్తున్నారో గమనించినారా?" అని ఆమె ఒకనాడు అడిగింది. నేను గమనించలేదు. ఏ తొక్క ఎన్నాళ్ళకు కుళ్ళుతుందో నాకు తెలుసు. గుంట దగ్గరికి తట్ట మోసే చేతులు మాత్రం నా పథకంలో లేవు. వ్యర్థమంటూ లేని ఇల్లు అని నేను మిత్రుల దగ్గర గర్వంగా చెప్పుకున్నది ఆమె శ్రమ మీద నిలబడి ఉన్నది. ఆనాటి నుంచి తట్ట నేను మోస్తున్నాను. అది ఘనకార్యమేమీ కాదు. ఆలస్యంగా చేసిన దిద్దుబాటు మాత్రమే.

రెండవ కారణాన్ని ఇంత సులభంగా దిద్దలేకపోతున్నాను. చేను మా పేరున ఉన్నా, దాన్ని గుత్తకు చేసేది మరొకరు. ఆయన నాకంటే ఇరవైయేళ్ళు పెద్దవాడు. టమాటా పండించి మదనపల్లె మార్కెట్టుకు తోలుతాడు. ఆ పంట సంగతి ఈ ప్రాంతంలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. ధర ఉన్నప్పుడు బంగారం. ధర పడిపోతే కోతకూలి కూడా గిట్టక రోడ్డు పక్కన పారబోస్తారు. ఒక్క పంటనే నమ్ముకోవద్దని, గట్లమీద చింత, నేరేడు నాటమని నేనాయనకు బోధించాను. ఆయన ఓపికగా విని ఇలా అన్నాడు: "చెట్టు పెట్టమంటే పెడతా సార్. అది కాపుకొచ్చే నాటికి నేనీడ ఉంటానా?"

ఆయనకు దూరదృష్టి లేదని అంతవరకూ అనుకున్నాను. నిజానికి ఆయన నాకంటే స్పష్టంగా చూస్తున్నాడు. చింతచెట్టు కాపుకు రావడానికి ఏళ్ళు పడుతుంది. మా మధ్య ఉన్నది నోటిమాట ఒప్పందం, అదీ ఏడాదికి. కౌలుదారుకు పంటరుణమూ, పంటనష్టానికి పరిహారమూ అందడానికని 2019లో ఆంధ్రప్రదేశ్‌లో చేసిన పంట సాగుదారుల హక్కుల చట్టం కూడా ఒప్పందానికి 11 నెలల గడువే పెట్టింది; దానికి యజమాని సంతకం కావాలి. పదకొండు నెలల మనిషికి నేను శాశ్వతత్వాన్ని ఉపదేశించాను! ఆయన అప్పు ఈ పంటతో తీరాలి. ఆయన సారవంతం చేసిన నేల వచ్చే ఏడు ఇంకొకరిది కావచ్చు. అటువంటి స్థితిలో నేలను పిండుకోవడం అత్యాశ కాదు, ఆత్మరక్షణ.

కాలం ఉన్నచోట నేల ఎలా మారుతుందో చూడడానికి దూరం పోనక్కర్లేదు. మా కొండల పక్కనే, ఒకప్పుడు బోడిగా ఉన్న రిషీవ్యాలీ లోయలో ఈనాడు చెట్లు నిండి ఉన్నాయి. 1991 నుంచి అది పక్షుల రక్షిత స్థలం. అక్కడివారి దీక్షను తక్కువ చేయను. కాని 1920లలో సేకరించిన ఆ భూమి దశాబ్దాల తరబడి ఒకే సంస్థ చేతిలో ఉండడం వల్లనే ఆ దీక్ష ఫలించిందని మరచిపోరాదు. జహీరాబాదు ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు బీడు పడిన నేలలను సాగులోకి తెచ్చి, పండిన జొన్నలతో తమ ఊళ్ళలోనే ధాన్యనిధి ఏర్పరచుకున్నారు. అక్కడ భూమి సంరక్షణా మనుషుల సంరక్షణా రెండు పనులు కాలేదు. నేలమీద హక్కూ, కలిసి నిర్ణయించే అధికారమూ ఉన్నవారికి మిగులును పంచుకోవడం ఎవరూ నేర్పనక్కర్లేదు.

ఇక్కడ కొందరు మిత్రులు, ఇదంతా మధ్యతరగతి వినోదమనీ, భూసంబంధాలు మారేదాకా కందకాలు తవ్వి ప్రయోజనం లేదనీ అంటారు. నేనంగీకరించను. వానకు కొట్టుకుపోయే మట్టి మన సిద్ధాంత చర్చలు ముగిసేదాకా ఆగదు. మరికొందరు, ఎవరి జీవితాన్ని వారు దిద్దుకుంటే లోకం తానే బాగుపడుతుందంటారు. ఇదీ అంగీకరించను. వాలు గమనించి నీటిని ఆపినవాడు, ఆ చేనులో పండిన ఫలితం ఏ వాలున ఎవరి ఇంటికి పారుతున్నదో కూడా గమనించవలసి ఉంది. అది గమనించనివాడి మితజీవనం తన ఆస్తికి చేసుకునే అలంకారమే.

మిగులును పంచడమంటే చేనుకు వెళ్ళివస్తూ పొరుగువారికి నాలుగు సొరకాయలు ఇవ్వడమని నేను మొదట అర్థం చేసుకున్నాను. భూమి యజమాని దగ్గర నిజంగా మిగులుగా ఉన్నది కాయలు కావు, కాలం. నేను చేనుకు పోకపోయినా అది పదేళ్ళకూ నాదే. ఆయన రోజూ పోయినా వచ్చే ఏటికి ఆయనది కాదు. పంచవలసింది ఆ కాలాన్ని.

పదకొండు నెలల కాగితం మీద సంతకం పెట్టాను. అది సులభం. తరువాత పదేళ్ళ కౌలుకూ, గట్లమీద చెట్ల ఫలసాయంలో సగం వాటాకూ ఒక పత్రం రాయించాను. రిజిస్టరు చేయిస్తే చేను చేయి జారిపోతుందని బంధువులు హెచ్చరించారు. వారి భయాన్ని పరిహసించే అర్హత నాకు లేదు. నెలరోజులుగా ఆ పత్రం నా బల్లమీద అలాగే పడి ఉంది. భూసంస్కరణల గురించి తరగతిలో గంటలకొద్దీ మాట్లాడిన చేయి, సంతకం దగ్గరికి వచ్చేసరికి ఆగింది. ఈ వ్యాసం అచ్చయ్యేలోగా ఆ సంతకం పెట్టాలని నా నిర్ణయం. దాన్ని ఇక్కడ ప్రకటించడం గొప్పకోసం కాదు. వెనక్కి తగ్గితే మీ ముందు సిగ్గుపడవలసి రావాలని.