అద్దె లేని గది



జూన్ మాసము వచ్చెనంటే మన గ్రామ సంఘములలో అనేక గృహములందు ఒకే మాట వినబడును. "అబ్బాయికి పట్నములో సీటు దొరికినది గాని, ఉండుటకు చోటేది?" గదికి అద్దె కట్టు శక్తి తల్లిదండ్రులకు లేదు. అప్పుడు ఒక మేనమామయో, ఎరిగిన పెద్దయో, పాస్టరుగారో "అద్దె యెందుకండి, మా యింట ఉండనియ్యండి" అందురు. తల్లిదండ్రులు దేవునికి స్తోత్రము చెల్లింతురు. అది మంచి మాటయే. అయితే మనము దేవుని యెదుట ఆలోచింపవలసిన ప్రశ్న యొకటి కలదు. అద్దె లేని గదికి నిజముగా వెల లేదా?

ఇతరుల సంగతి చెప్పకమునుపు నా తప్పు ఒప్పుకొందును. నేను మందిరపు ఆవరణములోని పాస్టరు గృహమున నివసించువాడను. నా సేవాకాలమంతటిలో ఒక్క నెలయైనను అద్దె కట్టి యెరుగను. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక విధవరాలి కుమారుడు ఇంటర్మీడియట్ చదువుటకు వచ్చి మా వెనుక గదిలో ఉండెను. అద్దె వద్దంటిని. ఏ పని చేయవలెనో కూడ చెప్పలేదు. చెప్పకపోవుటే ప్రేమ అనుకొంటిని.

మొదట అతడు తనంతట తానే బోరింగు నుండి నీళ్లు తెచ్చెను. తరువాత పాలు తెచ్చుట, మందిరము ఊడ్చుట, గంట కొట్టుట, మా చిన్నమ్మాయిని బడికి దింపుట ఒక్కొక్కటిగా అతని మీద పడెను. వీటిలో ఒక్కటియు నేను ఆజ్ఞాపింపలేదు. అతడు ఒక్కటియు కాదనలేదు. ఎట్లు కాదనును? అతని చాప నా యింట పరచియుండెను గదా! రాత్రి పది గంటలకు పుస్తకము తెరచి, దానిమీదనే నిద్రించువాడు. పరీక్షలో లెక్కలు తప్పెను. అతని తల్లి ఒక సంచిలో వేరుసెనగకాయలు తెచ్చి, మా గుమ్మము నొద్ద నిలిచి, "అయ్యగారూ, మీ నీడ లేకపోతే మా వాడి చదువేమయ్యేదో. వాడే సరిగ్గా చదవలేదు. మీరేమీ అనుకోకండి" అనెను. క్షమాపణ అడుగవలసినవాడను నేను. ఆ సంచి అందుకొనుటకు నాకు చేతులు రాలేదు.

ఇది నా యింటితో ముగిసిన సంగతి కాదు. హైదరాబాదులో అపార్టుమెంట్ల క్రింద, కార్లు నిలుపు చోట, ఒక మూల గదిలో వాచ్‌మన్ కుటుంబము నివసించుట మీరెరుగుదురు. మన పల్లెల నుండి వెళ్లినవారు వారిలో అనేకులు. గదికి అద్దె లేదు. గాని గేటు తీయవలెను, మోటారు వేయవలెను, అర్ధరాత్రి పిలిచినను లేవవలెను. పనికి వేళ లేదు. భార్యాభర్తలు కలిసి ఆరాధనకు పోదమన్న, ఒకరు గేటు నొద్ద ఉండక తప్పదు. పని పోయిన దినముననే గూడును పోవును. కాబట్టి జీతము చాలదని నోరు తెరవలేరు.

పూర్వము మన ఊళ్లలో పాలేరు ఆసామి పశువుల కొట్టములో పండుకొనెడివాడు. దానికిని అద్దె లేదు. అప్పు పేరిట గాని, తరతరముల ఆచారము పేరిట గాని మనిషిని పనికి కట్టివేయుట నేరమని 1976వ సంవత్సరపు చట్టము చెప్పినది. చట్టము కొట్టము వరకు వచ్చును గాని మన మనస్సులలోనికి రాదు. అక్కడికి వాక్యమే రావలెను.

వాక్యములో రెండు మార్గములు కనబడుచున్నవి. షూనేములోని ఘనురాలు దైవజనుడైన ఎలీషా కొరకు మేడమీద చిన్న గది కట్టించి, మంచము, బల్ల, పీట, దీపస్తంభము పెట్టించెను (2 రాజులు 4). నీ కొరకేమి చేయవలెనని అతడు అడిగినప్పుడు ఆమె యేమియు కోరలేదు. ఇది దానము. రెండవది, యాకోబు లాబాను ఇంట నెల దినములున్న తరువాత, బంధువువైనంత మాత్రమున నాకు ఊరకనే పని చేయుదువా, నీ జీతమెంతో చెప్పుమని లాబానే అడిగెను (ఆదికాండము 29). తరువాత అతడు ఎంత మోసము చేసినను, ఆ ప్రశ్న మాత్రము న్యాయమైనది. ఇది ఒప్పందము.

దానమును మంచిదే, ఒప్పందమును మంచిదే. ఒప్పందమునకు దానమని పేరు పెట్టుటయే కీడు. అప్పుడు ఇచ్చినవాడు లెక్క వ్రాయడు. పుచ్చుకొన్నవాని మనస్సులో అప్పు పెరుగుచునే యుండును. అది ఎన్నడు తీరునో ఎవరును చెప్పరు.

"ప్రేమలో గంటలు లెక్కించుట యేమిటి, అది వ్యాపారము కాదా?" అని కొందరు అడుగవచ్చును. నేనును అట్లే అనుకొంటిని. గాని గమనించుడి: లెక్క వద్దనువాడు ఎల్లప్పుడు ఇంటి యజమానుడే. నెదర్లాండ్స్ దేశములోని డెవెంటర్ పట్టణమందు ఒక వృద్ధుల నివాసమువారు 2012లో కొందరు కళాశాల విద్యార్థులకు అద్దె లేకుండ గదులిచ్చిరి. విద్యార్థులు నెలకు 30 గంటలు మంచి పొరుగువారివలె పెద్దల యొద్ద గడుపవలెనని ముందుగానే చెప్పిరి. మాటలాడుట, కలిసి భుజించుట, కంప్యూటరు నేర్పుట వంటివి వారి పని. లెక్క ఉండుటచేత అక్కడ ప్రేమ చచ్చిపోలేదు. 30 గంటలకు పైన గడిపిన సమయము యువకుని స్వంత కానుక యగును. లెక్క లేనిచోట కానుక ఇచ్చు భాగ్యము కూడ బీదవానికి ఉండదు.

కాబట్టి, సహోదరులారా, మీ పిల్లలను పంపునప్పుడు ఏ పని, ఎన్ని గంటలు అని సిగ్గుపడక అడుగుడి. ఇంట చేర్చుకొనువారలారా, వారు అడుగకముందే మీరు చెప్పుడి. విశ్రాంతి దినపు ఆజ్ఞ మీ యింటనున్న పనివానికిని, మీ గుమ్మములలోని పరదేశికిని ఇయ్యబడినదని మరువకుడి. ఉండనిచ్చినవారు పొమ్మనవలసివచ్చినచో, వేరొక చోటు వెదకుకొను గడువు ఇయ్యుడి. గదిలో ఉండు యౌవనులారా, ఒప్పుకొన్న పనిని ఎగవేయకుడి.

ఇప్పుడు మా వెనుక గదిలో మరియొక అబ్బాయి యున్నాడు. ఉదయము ఒక గంట పని, పరీక్షల మాసములో ఏ పనియు లేదు. కాగితముమీద వ్రాసి, ఇద్దరము సంతకము చేసి, తలుపు వెనుక అంటించితిమి. నిన్న సాయంకాలము నేను అలవాటు చొప్పున "బాబూ, పాలు..." అని పిలిచితిని. అతడు తలుపు వైపు చూచి చిరునవ్వు నవ్వెను. నేనే చెంబు తీసికొని వెళ్లితిని.

కొన్ని సంవత్సరములలో నేను విశ్రాంతి పొంది ఈ గృహమును విడువవలెను. అప్పుడు నాకును ఎవరో ఒకరు గది ఇయ్యవలసివచ్చును. నేను ఇతరులకిచ్చిన కొలతతోనే నాకును కొలవబడునని తలంచినప్పుడు, ఆ తలుపు వెనుక కాగితము నాకు ప్రసంగమువలె నున్నది. మీ యింటనున్నవారి తలుపు వెనుక ఏమి వ్రాసియున్నదో ఈ రాత్రి ప్రార్థనకు ముందు చూచుకొనుడి.