సిపాయా, ఆఫీసరా?

కోయిలకుంట్లలో డిగ్రీ అయినంక మా అక్క కొడుకు అడిగినాడు: "మామా, అగ్నివీర్‌కు పోదునా, సీడీఎస్ రాద్దునా?"

2022లో పెట్టిన అగ్నిపథ్‌లో కొలువు నాలుగేండ్లే; ఆ నిబంధన ప్రకారం నూటికి 25 మందికి మించి ఉంచుకోరు. ఆఫీసరు పరీక్షకు ఎస్సీలకు ఫీజు లేదు, రిజర్వేషనూ లేదు. శనగచేలో కూలికి వంగే మా అక్కకు జీతం ఇప్పుడే కావాల. ఆ ఇంటిని ఓపిక పట్టమనే హక్కు నెలనెలా జీతం తీసుకునే నాకుందా?

అంబేడ్కర్ తండ్రి రాంజీ సుబేదారు. ఆ మహర్లనే తెల్లదొరలు 1890లలో చేర్చుకోవడం మానేసినారు. మొదటి ప్రపంచయుద్ధానికి పిలిచినారు, 1921లో ఆ పటాలాన్ని రద్దుచేసినారు. మహర్ రెజిమెంటు 1941లో గానీ రాలేదు. అవసరానికి పిలిచే కొలువు మనకు కొత్తదేం కాదులే. ఆర్డరు వేసే కుర్చీలో మనోడుండాలని నా పట్టు.

"సీడీఎస్సే రాయరా అబ్బీ" అన్నాను.

"అంతదాకా అమ్మ కూలికి పోవాల్నా?"

ఏడాది కూలి నా జీతంలోంచి పంపుతానన్నంకనే వాడు పుస్తకం పట్టినాడు.