నాలుగు నెలల తేడా

హైదరాబాద్‌ నిజాంపేటలో ఒకే అపార్ట్‌మెంట్‌లో ఇద్దరు తోడల్లుళ్లు ఉండేవారు. అక్కాచెల్లెళ్లు ఒకచోట ఉంటే కష్టంలో సుఖంలో ఒకరికొకరు ఆసరాగా ఉంటారని మామగారు పట్టుబట్టి ఎదురెదురు ఫ్లాట్లు కొనిపించాడు. ఇద్దరి జీతాలూ ఇంచుమించు సమానం. చెరొక ఆడపిల్ల. ఒకే బ్యాంకులో, ఒకే వారంలో ఇద్దరూ చెరి 30 లక్షల గృహరుణం తీసుకున్నారు. ఎనిమిదిన్నర శాతం వడ్డీ, ఇరవై ఏళ్ల గడువు, నెలకు 26,035 రూపాయల ఈఎంఐ.

పెద్దల్లుడు ఒక కంపెనీలో అకౌంట్స్‌ చూసేవాడు. మొదటి నెల స్టేట్‌మెంట్‌ చూడగానే అతనికి గుండె జల్లుమంది. కట్టిన 26 వేలల్లో 21,250 వడ్డీకే పోయింది. అసలుకు జమ అయింది 4,785 మాత్రమే. ఇరవై ఏళ్లూ ఇలాగే కడితే 30 లక్షల అప్పుకు వడ్డీయే 32 లక్షలు దాటుతుందని లెక్క తేలింది. ఆ రాత్రి అతనికి నిద్ర పట్టలేదు. తెల్లవారేసరికి ఒక నిర్ణయానికి వచ్చాడు: ఏడేళ్లలో అప్పు తీర్చెయ్యాలి. అలా తీరాలంటే నెలకు 47,510 కట్టాలి. ఎనభై నాలుగు గడులు గీసిన కాగితాన్ని బీరువా తలుపుకు అంటించి, నెలకొక గడి కొట్టేస్తూ వచ్చాడు.

ముందుగా తన ఖర్చులే తగ్గించుకున్నాడు. కారు ఊసు ఎత్తలేదు. పాత బండి మీదే ఆఫీసుకు వెళ్లాడు. సోఫా కొనలేదు, ఫోను మార్చలేదు, హోటల్‌ గడప తొక్కలేదు. ఆదివారాలు చిన్న వ్యాపారులకు జీఎస్టీ లెక్కలు రాసిపెట్టి నాలుగు రాళ్లు సంపాదించాడు. ఆ నాలుగు రాళ్లూ అప్పులోకే వెళ్లాయి.

మొదటి ఏడాది గడవకముందే ఇంట్లోనూ కొన్ని ఆగిపోయాయి. సంక్రాంతికి తెనాలి దగ్గర అత్తగారి ఊరికి వెళ్లడం మానేశారు. కూతురి కూచిపూడి క్లాసు మధ్యలో ఆగింది. భార్యకు మోకాలి నొప్పి వస్తే డాక్టరు ఫిజియోథెరపీ రాశాడు. “లోన్‌ అయిపోయాక చేయించుకుంటాలెండి” అని ఆమే అంది. ఇంట్లో మాటామాటా అనుకున్న రోజు లేదు. నలుగురూ మెచ్చుకునే క్రమశిక్షణ. తన వాళ్లంతా తనతో కలిసి దీక్ష పట్టారని అతను లోలోపల గర్వపడేవాడు.

చిన్నల్లుడి పద్ధతి వేరు. ఏటా జీతం పెరిగినప్పుడు ఈఎంఐని ఐదు శాతం పెంచేవాడు. మిగతాది ఇంటి అవసరాలకూ సరదాలకూ. రెండో ఏటే కారు వచ్చింది, గోడ నిండా టీవీ వచ్చింది. పండక్కి ఊరు వెళ్లడం మానలేదు, పిల్ల చదువుకూ ఆటపాటలకూ లోటు రానివ్వలేదు. ఆ లెక్కన అతని అప్పు పన్నెండేళ్ల మూడు నెలలకు తీరుతుంది.

ఏడేళ్లు గడిచాయి. పెద్దల్లుడు చివరి గడి కొట్టేసి, బ్యాంకు నుంచి ఒరిజినల్‌ దస్తావేజులు ఇంటికి తెచ్చుకున్నాడు. వాటిని దేవుడి ముందు పెట్టి దండం పెట్టుకుని, అందరినీ భోజనానికి పిలిచాడు. అత్తగారు ఊరి నుంచి వచ్చింది. ఆవిడ పల్లెటూరి బళ్లో పిల్లలకు చదువు చెప్పి రిటైరైన మనిషి.

భోజనాల దగ్గర పెద్దల్లుడు ఉండబట్టలేక అన్నాడు. “తమ్ముడూ, నాకు మొత్తం వడ్డీ 10 లక్షల్లోపే అయింది. నీకు 20 లక్షలు దాటుతుంది. అప్పుడే నా మాట విని ఉంటే దగ్గర దగ్గర 11 లక్షలు మిగిలేవి.”

“నిజమే అన్నయ్యా. నాకింకా 20 లక్షలకు పైనే బాకీ ఉంది” అని చిన్నల్లుడు తల వంచుకున్నాడు.

దస్తావేజులు నలగకుండా దాచడానికి ఏదైనా ఫోల్డర్‌ ఉంటే తెమ్మని అత్తగారు మనవరాలికి చెప్పింది. ఆ పిల్ల తన టేబుల్‌ సొరుగులోంచి ఒకటి తీసి ఇచ్చింది. తెరిస్తే లోపల ఏవో కాగితాలు. స్కూలు వాళ్లు ఇంటికి పంపిన సర్క్యులర్లు అవి. మూడో తరగతిలో నాగార్జునసాగర్‌ విహారయాత్ర. ఐదో తరగతిలో వార్షికోత్సవం డాన్సుకు డ్రెస్సు డబ్బులు. ఏడో తరగతిలో వరంగల్‌ కోట, వేయిస్తంభాల గుడి. ప్రతి కాగితం అడుగున ‘రావడం లేదు’ అని పిల్ల చేతిరాత. మూడో తరగతి కాగితం మీద అక్షరాలు గీత దాటి వంకరటింకరగా ఉన్నాయి. ఏడో తరగతి కాగితం మీద ముత్యాల్లా ఉన్నాయి.

“ఇవి నాన్నకు చూపించలేదేమ్మా?” అని అడిగింది అమ్మమ్మ.

“నాన్న లోన్‌ కడుతున్నారు కదా అమ్మమ్మా” అంది పిల్ల. ఆ గొంతులో అలక లేదు, నిష్ఠూరం లేదు. అన్నం తిన్నావా అంటే తిన్నానని చెప్పినట్టు చెప్పింది.

పెద్దల్లుడి చేతిలో ముద్ద ఆగిపోయింది. కాసేపటికి తేరుకుని, “ఇంక లోన్‌ లేదు కదా తల్లీ, ఈసారి టూరుకు తప్పకుండా వెళ్దువుగాని” అన్నాడు.

“ఈ ఏడు టెన్త్‌ కదా నాన్నా. మాకు టూర్లు ఉండవు” అంది పిల్ల.

సాయంత్రం అత్తగారు అల్లుణ్ని బాల్కనీలోకి పిలిచింది. “మీరు చేసింది చిన్న పని కాదు అల్లుడుగారూ. మీ మామయ్యగారు కూడా మీ గురించి గొప్పగా చెప్పుకుంటారు. కానీ ఒక లెక్క మిగిలిపోయింది. కాగితం మీద రెండు వరసలు రాయండి. అప్పు కోసం మీరు మానుకున్నవి ఒక వరసలో రాయండి. మీ మొహం చూసి వాళ్లు మానుకున్నవి రెండో వరసలో రాయండి. పక్కన రూపాయలు వెయ్యండి. లెక్కల మనిషి కదా, తేలిగ్గానే వస్తుంది.”

అతను ఆ రాత్రి కూర్చుని రాశాడు. ఏడేళ్లలో ఈఎంఐ మీద అదనంగా కట్టింది 18 లక్షలు. కొనని కారు, మార్చని ఫోన్లు, తినని హోటల్‌ భోజనాలు, ఆదివారాల సంపాదన, అన్నీ మొదటి వరసలోకి వెళ్లాయి. రెండో వరసలో ఏడు సంక్రాంతుల ప్రయాణాలకు 56,000, కూచిపూడి క్లాసుకు 36,000, భార్య మోకాలి వైద్యానికి 18,000, స్కూలు టూర్లకూ పుట్టినరోజులకూ 30,000 పడ్డాయి. కూడితే లక్షా నలభై వేలు.

తప్పు కూడానేమోనని మళ్లీ కూడాడు. అంతే వచ్చింది. ఆ లక్షా నలభై వేలూ అప్పులోకి పోకుండా ఇంట్లోనే ఖర్చయి ఉంటే, వడ్డీతో కలుపుకున్నా, అప్పు తీరడం నాలుగు నెలలు ఆలస్యమయ్యేది. నాలుగంటే నాలుగు నెలలు. ఆదివారాల సంపాదనను మొదటి వరసలో వేశాడు గానీ, ఆ ఆదివారాలు తండ్రి ఇంట్లో లేని పిల్లకు రెండో వరసలో ఎంత వెయ్యాలో అతనికి పాలుపోలేదు.

పొద్దున్నే ఆ కాగితం అత్తగారి చేతిలో పెట్టాడు. ఆవిడ చదివి అంది. “చిన్నల్లుడిలా పన్నెండేళ్లు లాగమని నేను చెప్పను. మీరు పట్టిన దీక్ష మంచిదే. ఈ రెండో వరస ముట్టుకోకుండా కూడా మీరు ఈ ఏడాదే గట్టెక్కేవారు.” తర్వాత ఎదురింటికి వెళ్లి చిన్నల్లుడికీ అదే కాగితం చూపించింది. “మీరు రెండో వరసను కాపాడుకున్నారు, సంతోషం. మొదటి వరసలో మీరు మానుకోగలిగినవి ఎన్ని ఉన్నాయో కూడా చూసుకోండి.”

పెద్దల్లుడు ఆ రోజే భార్యను ఫిజియోథెరపీకి తీసుకెళ్లాడు. ఆదివారం లెక్కల పని మానేశాడు. చిన్నల్లుడు ఆ నెల నుంచే తన ఈఎంఐకి పదివేలు కలిపాడు.

నీతి: అప్పు తొందరగా తీర్చు. ఆ తొందర ఎవరి వాటాలోంచి వస్తోందో చూసుకుని తీర్చు.

ఈ కథ విని ‘అయితే నిదానంగానే కడదాం’ అనుకుంటే సగమే విన్నట్టు. గృహరుణాన్ని ముందుగా తీర్చాలనుకోవడం పిసినారితనం కాదు. మొదటి ఏళ్లలో ఈఎంఐలో ఎక్కువ భాగం వడ్డీకే పోతుంది కాబట్టి, ఆ ఏళ్లలో అదనంగా కట్టే రూపాయికి బలం ఎక్కువ. కథలోని అప్పునే తీసుకోండి. మొదటి ఏడాది చివర ఒక్క లక్ష అదనంగా కట్టి, ఈఎంఐ మార్చకుండా గడువు తగ్గించమంటే, చివర్లో దాదాపు 18 ఈఎంఐలు ఎగిరిపోతాయి. ఏటా ఒక్క ఈఎంఐ ఎక్కువ కట్టినా ఇరవై ఏళ్ల అప్పు మూడేళ్లకు పైగా ముందే తీరుతుంది. ఫ్లోటింగ్‌ వడ్డీ మీద వ్యక్తులు తీసుకున్న గృహరుణాన్ని ముందుగా తీర్చేస్తే బ్యాంకులు జరిమానా వెయ్యకూడదని రిజర్వు బ్యాంకు 2012లోనే చెప్పింది.

అప్పంటే భయపడేవాళ్ల భయమూ ఉత్తిది కాదు. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి వరకు రెపో రేటు 4 శాతం నుంచి ఆరున్నరకు పెరిగింది. దాంతో గృహరుణాల వడ్డీ కూడా పెరిగి, ఎంతోమందికి ఈఎంఐ మారకుండానే గడువు ఏళ్లకేళ్లు సాగిపోయింది. కొందరు కట్టే ఈఎంఐ ఆ నెల వడ్డీకి కూడా చాలలేదు. ఆ తర్వాత 2023 ఆగస్టులో, వడ్డీ రేటు మారినప్పుడు ఈఎంఐ పెంచుకోవాలో గడువు పెంచుకోవాలో ఎంచుకునే అవకాశం రుణం తీసుకున్నవాళ్లకే ఇవ్వాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఇలాంటి రోజులు చూసినవాడు అప్పు వదిలించుకోవాలని తొందరపడితే తప్పు పట్టలేం.

కానీ బ్యాంకు బాకీకి గడువు పొడిగింపు ఉంది. నాలుగు నెలలు ఆలస్యమైతే ఆ నాలుగు నెలల వడ్డీ కట్టి బయటపడొచ్చు. మూడో తరగతి పిల్లకు బాకీపడ్డ నాగార్జునసాగర్‌ను టెన్త్‌లో వడ్డీతో సహా ఇస్తానన్నా ఆమె తీసుకోలేదు. అందుకే రెండింటిలో ఏది ఆగగలదో అదే ఆగాలి.

ఇంకో సంగతి కూడా ఉంది. మామూలు గృహరుణంలోకి వేసిన డబ్బు అవసరమైనప్పుడు అడగ్గానే వెనక్కి రాదు. కాబట్టి ఆరు నెలల ఇంటి ఖర్చు, ఇంటిల్లిపాదికీ ఆరోగ్య బీమా ముందు సమకూర్చుకుని, ఆపైన మిగిలింది అప్పులో వెయ్యడం క్షేమం. అప్పు తీరిన మర్నాడే ఆసుపత్రి బిల్లు కోసం మళ్లీ అప్పు చేస్తే ఆ తీర్చడం తీర్చడమే కాదు.

అన్నిటికన్నా ముఖ్యం, అడగకపోవడాన్ని ఒప్పుకోవడం అనుకోకండి. కష్టపడే తండ్రిని చూసి పిల్లలు అడగడం మానేస్తారు. భార్య తన నొప్పిని తనే వాయిదా వేసుకుంటుంది. గొడవ లేని ఇల్లు చూసి యజమాని అంతా బాగుందనుకుంటాడు. మన ఇళ్లలో ప్రేమ ఎక్కువగా ఉన్నచోటే ఈ మౌనం కూడా ఎక్కువ. ఆ మౌనం ఏ స్టేట్‌మెంట్‌లోనూ కనపడదు, అడిగితేనే బయటపడుతుంది.

అందుకని ఏడాదికోసారి, జీతం పెరిగిన నెలలోనో ఉగాదికో, అందరూ కలిసి కూర్చోండి. ఆ రెండు వరసలూ రాయండి. మొదటి వరసలో ఎంత కోసినా కొయ్యండి, ఆ కష్టం మీది. రెండో వరసలో ఏదైనా కనపడితే ముందు దానికి డబ్బు పక్కన పెట్టి, మిగిలింది బ్యాంకుకు కట్టండి. అప్పు నాలుగు నెలలు ఆలస్యంగా తీరితే తీరనివ్వండి. ఎవరి కోసం ఆ ఇల్లు కొన్నారో వాళ్లకు ఆ నాలుగు నెలలూ ఇవ్వదగినవే.