బువ్వ పెట్టిన చేయే సూది వేయించాలి





గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెల్లో ఎన్నో వాకిళ్ల ముందు కుక్క ఉంటది. మంద వెంట పోయేది ఒకటి, చేను కాడ కాపలా ఉండేది ఒకటి. కానీ పశువుల డాక్టరు ఊరికి రేబిస్ టీకాలు తెచ్చిన రోజు, "ఈ కుక్క ఎవరిది?" అని అడిగితే మనం పక్కకు చూస్తాం. బువ్వ పెట్టేటప్పుడు మాది, సూది వేయించేటప్పుడు ఊరిది!

కుక్కుర జాతకం ఈ మాటే చెబుతుంది. కాశీ రాజు రథం తోలును కుక్కలు కొరికాయి. రాజు విచారించకుండా ఊరి కుక్కలన్నిటినీ చంపమన్నాడు, తన కోటలోని కుక్కలను మాత్రం వదిలేశాడు. అప్పుడు శునక రూపంలో ఉన్న బోధిసత్వుడు రాజు ఎదుట నిలిచి, మజ్జిగలో దర్భ కలిపి కోట కుక్కలకు తాగించమన్నాడు. అవి తోలు ముక్కలు కక్కాయి. తప్పు రాజు ఇంట్లోనే ఉంది!

మన ఊర్లలోనూ ఇంతే. ఒక పిచ్చికుక్క కరిస్తే అన్నిటికీ విషం పెట్టాలంటాం. అది మొదటి శీలాన్ని మీరడం. రోగమూ పోదు, చచ్చినవాటి చోటికి టీకా పడని కొత్తవి వస్తాయి. నూటికి 70 కుక్కలకు టీకా పడితేనే రోగం పాకే దారి తెగుతుంది. ఆ డెబ్బైలో మీ కుక్క ఉందా?

తుంగభద్ర అవతల, కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేశానని ఆయన రెండో శాసనంలో చెప్పుకున్నాడు. ఇద్దరినీ ఒకే వాక్యంలో నిలిపాడు. అదే మైత్రి.

కొత్త మనిషి పట్టబోతే కుక్క పారిపోతుంది, లేదా కరుస్తుంది. మీ చేయి మెడ మీద ఉంటే నిలబడుతుంది. కనుక డాక్టరు ఒక్కడి వల్ల ఈ పని కాదు. టీకా రోజు పొద్దున్నే కుక్కను వదలకుండా కట్టేయండి. పిల్లలతో పంపకండి, మీరే తీసుకుపోండి. మూడు నెలలు నిండిన పిల్లలకూ వేయించండి, ఏటేటా మళ్లీ వేయించండి. జూలై 6న ప్రభుత్వ పశువైద్యశాలల్లో ఉచితంగా వేస్తారు.

కుక్క కరిస్తే, గీరినా సరే, కారం, సున్నం, పసరు పెట్టకండి. పారే నీళ్లతో, సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు సర్కారు దవాఖానకు పోండి. చెప్పిన సూదులన్నీ పూర్తి చేయండి. లక్షణాలు బయటపడ్డాక ఆ ప్రాణం నిలవడం దాదాపు అసాధ్యం. తిడతారని భయపడి కాటును దాచే బిడ్డ మన ఇంట్లో ఉండకూడదు. "కరిస్తే నాకు చెప్పు బిడ్డా, తిట్టను" అని ఈ రాత్రే చెప్పండి.

చంపకపోవడం శీలంలో సగమే. కాపాడటం మిగతా సగం. మీ వాకిట్లో తోక ఊపే ప్రాణితోనే దాన్ని మొదలుపెట్టండి.

భవతు సబ్బ మంగళం!